కొసలు అతికిన మనిషి

రాజేశం మామ కన్నుమూశాడన్న వార్త భివండి నాగావ్‌లోని మా మరమగ్గాల కార్ఖానాకు చేరేసరికి సాంచాలన్నీ నడుస్తున్నాయి. ఆ మోతలో ఏ మాటైనా అరిచి చెప్పాల్సిందే. చావు కబురును కూడా మావాళ్ళు గొంతు చించుకుని మూడుసార్లు చెప్పారు. మూడుసార్లూ వినపడలేదని బుకాయించాను. నాలుగోసారి ఎవరూ చెప్పలేదు, సాంచాలు బంద్ చేశారు. ఆ నిశ్శబ్దం ముందు నా బుకాయింపు సాగలేదు.

కరీంనగర్‌లో రసాయనశాస్త్రం చదివి, బతుకుతెరువుకు భివండి వచ్చి, ముప్పై ఏళ్ళు అచ్చు అతికిన మహానుభావుడాయన. అచ్చు అతకడమంటే, సాంచా మీద నూలు అయిపోవస్తే నూలు చుట్టిన కొత్త భీము ఎక్కించి, పాత పోగు కొసకు కొత్త పోగు కొసను, వేళ్ళకు బూడిద అద్దుకుని, ఒక్కొక్కటే మెలిపెట్టాలి, అలా వేల పోగులు. ఒక్కటి తప్పినా బట్ట మీద గీత పడుతుంది. ఆయన చేతిలో తప్పిన పోగును నేనెరుగను.

ఏడో తరగతిలోనే బడికి దండం పెట్టినవాణ్ణి నేను. మా లావణ్య తొమ్మిదిలో ఉండగా సైన్సు పుస్తకం మూసేసి, "బాపూ, ఏం సమజైతలేదు. బడి నకో!" అంది. "వంశం పేరు నిలబెట్టినవ్ బిడ్డా" అని, కండెలు చుట్టే పనిలో పెట్టాలనుకున్నాను. మామ చెవిన పడింది.

"రేపు పిల్లను తోల్కరా. నువ్వు గూడ రా, నోరు ఇంట్ల పెట్టి."

"నోరు లేకుంటె నన్నెవరు గుర్తు పడ్తరు మామా?"

మర్నాడు దాన్ని భీము ముందు కూచోబెట్టి అడిగాడు. "దీనికి ఎంత నూలు చుట్టి ఉన్నది బిడ్డా?"

"మస్తు."

"నేను అతికేది దేన్ని?"

"కొసను."

"గంతే. పరమాణువు గూడ గట్లనే. లోపల ఎలక్ట్రాన్లు ఎన్ని పొరలున్నా, ఇంకోదానితోని కలిసేది పైపొరవే. సోడియం పైన ఒక్కటే ఉంటది, ఇచ్చేస్తది. క్లోరిన్‌కు ఒక్కటే తక్కువ, తీసుకుంటది. ఉప్పు అయితది. నీళ్ళల్ల హైడ్రోజన్, ఆక్సిజన్‌లకు ఇచ్చుడు లేదు, గుంజుకునుడు లేదు. నడుమ పెట్టుకొని పంచుకుంటయి."

తినే ఉప్పు, తాగే నీరు, నేసే పత్తి, చివరకు నా నోరు సహా సమస్త జగత్తూ ఈ కొసల అతుకులతోనే నిలిచి ఉందట! జోకు వెయ్యడం మరిచి, నేనూ వంగి ఆ కొసలను చూశాను.

ఆ పాఠాలు రెండేళ్ళు సాగాయి. లావణ్య పది గట్టెక్కి, పదకొండులో సైన్సే తీసుకుంది. పోయిన సోమవారం, మామ కొత్త భీము అతుకుతుంటే అడిగాను. "కలిసేటివి పైనవే అయితే, లోపలివి ఏం చేస్తయి మామా? కూసొని తినుడేనా?"

ఆయన చేతులు ఆగాయి. "ఇన్నేండ్లకు నీ నోట్లకెళ్ళి ఒక మంచి మాట వచ్చింది అల్లుడా! ఈ భీము అయినంక చెప్త."

భీము సగంలో ఉండగానే, ఆ రాత్రి ఇంట్లో ఆ గుండె ఆగింది.

మూడోనాడు చితి బూడిద ఎత్తి ఇంటికొచ్చి లావణ్యను అదే ప్రశ్న అడిగాను. పుస్తకం తెరవకుండానే చెప్పింది. "లోపలివి అడ్డం నిలబడ్తయి బాపూ. నడుమనున్న కేంద్రకం పైదాన్ని మరీ గట్టిగ గుంజకుంట ఆపుతయి. గందుకే సోడియం పైది అల్కగ పోయి ఇంకోదానితోని కలుస్తది."

బిడ్డను కండెల వైపు గుంజింది నేను. రెండేళ్ళు అడ్డం నిలబడింది ఎవరో అప్పటికి గానీ నా మట్టిబుర్రకు తట్టలేదు.

అటువంటి గురువు మళ్ళీ దొరకడు. సగం అతికిన భీము ముందు ఎవరూ కూచోవడం లేదు. నిన్న నేను కూచున్నాను, వేళ్ళకు బూడిద అద్దుకుని. పొద్దుగూకేదాకా పదకొండు పోగులు అతికాను.

నవ్వకు మామా.