బ్యాటరీ షెడ్డు వెనక రెండు గదులు

ఆ రోజు ఉదయం ఒక రైతు తెచ్చిన స్టెబిలైజర్ విప్పుకుని కూర్చున్నాను. లోపల రిలే కాలిపోయింది. కొత్తది పెట్టి, సోల్డర్ చేసి, ఇంకా ఎక్కడైనా షార్టు ఉందేమోనని సీరీస్ బల్బుకి కలిపి చూస్తుంటే బొడ్డు చుట్టూ తడిగుడ్డ పిండినట్టు నొప్పి వచ్చింది. బల్ల పట్టుకుని కాసేపు వంగిపోయాను. నోట్లో ఇనుప మేకు పెట్టుకున్నట్టు రుచి. మంచినీళ్ళు తాగితే అవీ అలాగే ఉన్నాయి. పొద్దున్న తిన్న ఉప్మా పడలేదేమో అనుకున్నాను. రైతుకి బిల్లు రాసిచ్చి పంపించాను. నా జబ్బు మొదలైంది ఆ రోజే అని చెప్పలేను గానీ, నాకు తెలిసింది మాత్రం ఆ రోజే.

నా పేరు ఆదిలక్ష్మి. ముప్ఫై నాలుగేళ్ళు. ఆమదాలవలసలో మా అన్నయ్యకి ఇన్వర్టర్లు, స్టెబిలైజర్లు, బ్యాటరీలు అమ్మి బాగుచేసే దుకాణం ఉంది. అందులో తొమ్మిదేళ్ళు పనిచేశాను. నాన్న పోయాక, ఎప్పుడో పదో తరగతితో చదువు ఆగిపోయిన నన్ను పక్కన కూర్చోబెట్టుకుని పని నేర్పింది అన్నయ్యే. రెసిస్టర్ మీద రంగు చారలు చూసి దాని విలువ చెప్పడం, ఉబ్బిన కెపాసిటర్‌ని గుర్తుపట్టడం, మీటరు పెట్టి చచ్చిన మాస్‌ఫెట్‌ని వెతికి పట్టుకోవడం, అన్నీ ఆయన దగ్గరే నేర్చుకున్నాను. నా పెళ్ళి చేసిందీ ఆయనే. ఇదంతా ముందే ఎందుకు చెబుతున్నానంటే, పరాయివాడు చేసి ఉంటే నేను ఇది రాసేదాన్ని కాదు.

మా వైపు గాలివాన వస్తే స్తంభాలు పడిపోయి రోజుల తరబడి కరెంటు ఉండదు. వచ్చాక కూడా వోల్టేజీ ఒకసారి నూట అరవై, ఒకసారి రెండొందల డెబ్బై. ఫ్రిజ్‌లు, మోటార్లు కాలిపోతుంటాయి. అందుకని మాకు పని లేని రోజు ఉండేది కాదు. ముందు దుకాణం, దాని వెనక పెరడు, పెరట్లో రేకుల షెడ్డు. పాత బ్యాటరీలు కోసి ప్లేట్లు తీయడం, సీసం కరిగించి టెర్మినళ్ళు పోయడం ఆ షెడ్డులో. షెడ్డు వెనక రెండు గదులు. అన్నయ్య కుటుంబం మొదట ఆ గదుల్లోనే ఉండేది. నాకు నొప్పి రావడానికి రెండేళ్ళ ముందు వాళ్ళు అరసవల్లికి మారిపోయారు. పిల్లలకి బడి దగ్గరని చెప్పాడు. ఆ గదులు ఊరికే ఉంచడం ఎందుకు, మీరొచ్చి ఉండండి అన్నాడు. మా ఆయన స్టేషన్ దగ్గర ఆటో నడుపుతాడు. మాకది పెద్ద సాయం. ఆ రోజు అన్నయ్యకి దండం పెట్టినంత పనిచేశాను. మా పాప నవ్యకి అప్పుడు నాలుగేళ్ళు.

నొప్పి వారానికోసారి వచ్చేది, తర్వాత రెండ్రోజులకోసారి. మందుల షాపులో గ్యాస్ మాత్రలు ఇచ్చారు. మలబద్ధకానికి పొడి ఇచ్చారు. తగ్గకపోతే శ్రీకాకుళంలో ఒక ప్రైవేటు ఆసుపత్రికి వెళ్ళాం. స్కానింగ్ నార్మల్. ఎండోస్కోపీ నార్మల్. "గ్యాస్ట్రైటిస్ అమ్మా, టెన్షన్ తగ్గించుకో," అన్నాడు డాక్టరు. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ ఏడు వచ్చింది. ఐరన్ మాత్రలు రాశాడు. మూడు నెలలు ఒక్కపూట మానకుండా వేసుకున్నా అది ఏడు దగ్గరే ఉండిపోయింది. సరిగ్గా తినడం లేదని అందరూ నన్నే తిట్టారు.

నవ్య కూడా అలాగే పాలిపోతూ ఉండేది. అన్నం ముద్ద పెడితే మొహం తిప్పుకునేది. బడిలో టీచరు పిలిచి, నిన్న నేర్చుకున్న అక్షరాలు ఇవాళ గుర్తుండడం లేదు, ఊరికే ఏడుస్తోంది అని చెప్పింది. నాకు ఒంట్లో ఓపిక లేదు. పలక ముందు కూర్చోబెట్టి రెండు మూడుసార్లు గట్టిగానే కొట్టాను. ఆ దెబ్బలు పాపకి గుర్తున్నాయో లేదో గానీ నేను మర్చిపోలేదు.

ఆరు నెలలు గడిచాక ఒక మధ్యాహ్నం ఇన్వర్టర్ లోపలి సర్క్యూట్ కార్డు మీద పనిచేస్తుంటే సోల్డరింగ్ ఐరన్ చేతిలోంచి జారి ఒళ్ళో పడింది. చీర కాలింది. తీద్దామంటే మణికట్టు పైకి లేవలేదు. చెయ్యి ముందుకి చాపితే అరచెయ్యి కిందకి వేలాడిపోతోంది. అన్నయ్య వచ్చి చూశాడు. చాలాసేపు చూశాడు. సోల్డర్ పొగ మొహానికి దగ్గరగా పెట్టుకుంటే నరాలు లాగేస్తాయని, కిటికీ తీసి పనిచేయమని చెప్పాడు. నేను నిజమే అనుకుని కుర్చీ కిటికీ దగ్గరికి జరుపుకున్నాను.

మా ఆయన ఇక ఊరుకోలేదు. మర్నాడు ఉదయం రైలుకే విశాఖపట్నం తీసుకెళ్ళాడు. అక్కడ పెద్దాసుపత్రిలో నన్ను చూసింది ఒక లేడీ డాక్టరు. ఫైలంతా చదివింది. నా కింది పెదవి కిందకి లాగి చిగుళ్ళ మీద టార్చి వేసింది. చిగురు అంచున నీలంగా సన్నటి గీత ఉందట. నేనెప్పుడూ చూసుకోలేదు.

"మీరు ఏం పని చేస్తారు?" అని అడిగింది.

ఆరు నెలల్లో ఆ ప్రశ్న అడిగిన మొదటి డాక్టరు ఆవిడే. చెప్పాను. సోల్డర్ పొగ వల్లేనా మేడం అని కూడా అడిగాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది.

"సోల్డరింగ్‌కి ఇంత రాదమ్మా. మీ చుట్టుపక్కల బ్యాటరీలు కోస్తారా? సీసం కరిగిస్తారా?"

షెడ్డు గురించి చెప్పాను. మా ఇల్లు ఎక్కడుందో చెప్పాను. ఆవిడ రాయడం ఆపి, ఇంట్లో పిల్లలున్నారా అని అడిగింది.

మర్నాడు నవ్యని కూడా తీసుకెళ్తే, రక్తంలో సీసం ఎంతుందో చెప్పే బ్లడ్ లెడ్ లెవెల్ అనే పరీక్షకి మా ఇద్దరి రక్తం తీసుకున్నారు. శాంపిల్ బయటికి పంపాలి, ఎనిమిది రోజులు పడుతుందన్నారు. ఈలోగా నా చేతికి నెర్వ్ కండక్షన్ టెస్ట్ చేశారు. చర్మం మీద చిన్న చిన్న ఎలక్ట్రోడ్లు అంటించి కరెంటు పంపి, అది నరంలో ఎంత వేగంగా వెళుతోందో స్క్రీన్ మీద చూస్తారు. ఇన్నాళ్ళూ నేను కార్డుల్ని చూసినట్టు వాళ్ళు నా చేతిని చూస్తున్నారు. మణికట్టుని పైకి లేపే రేడియల్ నెర్వ్ దెబ్బతింది అన్నారు.

రిపోర్టులో నాది డెబ్బై రెండు, నవ్యది నలభై ఎనిమిది. ఎంత ఉండాలి మేడం అని మా ఆయన అడిగాడు. "పిల్లలకి ఇంతవరకు ఫర్వాలేదు అని చెప్పే సేఫ్ లెవెల్ లేదండీ," అంది డాక్టరు. మందు కంటే ముందు ఆ ఇల్లు వదలాలని, ఇవాళ రాత్రి కూడా అక్కడ పడుకోవద్దని చెప్పింది.

అక్కడినుంచి తిన్నగా నేను అరసవల్లి వెళ్ళాను. నా బాధ చెప్పుకోవడానికి కాదు. అన్నయ్య పిల్లలు చిన్నప్పుడు ఆ పెరట్లోనే ఆడుకున్నారు, వాళ్ళకీ పరీక్ష చేయించమని చెప్పడానికి. వదిన చిక్కుడుకాయలు తుంచుతోంది. నేను రిపోర్టు చూపించి, జబ్బు పేరు చెప్పి, పిల్లల్ని రేపే తీసుకెళ్ళమన్నాను. వదిన కాయ తుంచడం ఆపలేదు.

"మా ఓళ్ళకి అప్పుడే సేయించీసినాం, ఆదీ," అంది.

"అప్పుడంటే ఎప్పుడు వదినా?"

"ఈ ఇంటికి రాకముందు. పెద్దోడికి ఎక్కువ ఉన్నాదన్నారు. పిల్లల్ని అక్కడ ఉంచొద్దన్నారు." తర్వాత గిన్నెలోకి చూస్తూ, "మీ అన్న నీకు సెప్పీసినాడనుకున్నాను," అంది.

ఆ చివరి మాట నిజమో కాదో నాకు ఇప్పటికీ తెలియదు. నేను అడగలేదు. వాళ్ళ పిల్లల్ని బయటికి తీసిన నెలలోనే నా పిల్లని ఆ గదుల్లోకి పిలిచారు. అది మాత్రం తెలిసింది. అప్పటిదాకా అర్థంకానివన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. వాళ్ళు ఇల్లు మారినప్పటి నుంచే అన్నయ్య షెడ్డులో గ్లౌజులు, మాస్కు వేసుకోవడం మొదలుపెట్టాడు. ఇంటికి వెళ్ళేముందు అక్కడే స్నానం చేసి బట్టలు మార్చుకునేవాడు. సోకులెక్కువయ్యాయని నేను నవ్వేదాన్ని. షెడ్డుకి కొత్తగా ఎగ్జాస్ట్ ఫ్యాన్ కూడా పెట్టించాడు. దాని గాలి సరిగ్గా మా వంటగది కిటికీలోకి వచ్చేది.

దుకాణానికి వెళ్ళాను. అన్నయ్య ఒక బ్యాటరీ ముందు కూర్చుని ఉన్నాడు. వదిన ఫోన్ చేసినట్టుంది, నన్ను చూసి ఏమీ అడగలేదు.

"ఎందుకు సెప్పలేదు అన్నియ్యా?" అన్నాను.

"పెద్దోళ్ళకి ఏటీ అవదనుకున్నానే. నీకు సెప్తే నువ్వెల్లిపోతావు. నువ్వెల్లిపోతే కార్డులు ఎవులు సేస్తారు?"

"నవ్య పెద్దదేటి?"

అన్నయ్య మీటరు పిన్నులు రెండూ బ్యాటరీకి పెట్టి రీడింగ్ చూస్తున్నట్టు కూర్చున్నాడు. మీటరు ఆన్‌లో లేదు. నేను లోపలికి వెళ్ళి పాప పుస్తకాలు సంచిలో పెట్టుకున్నాను. బట్టలు, పరుపు, బొమ్మలు వదిలేయమని డాక్టరు చెప్పింది. బొమ్మల కోసం నవ్య దారంతా ఏడ్చింది.

మా ఆయనది శృంగవరపుకోట. అక్కడ వాళ్ళ అక్క ఇంటి పక్కన ఒక గది తీసుకున్నాం. ఒంట్లోని సీసాన్ని బయటికి లాగే చీలేషన్ అనే వైద్యం మొదలుపెట్టారు, పందొమ్మిది రోజుల కోర్సు. ఆ క్యాప్సూల్ కుళ్ళిన గుడ్డు వాసన. నవ్య మింగలేకపోతే విప్పి, అరటిపండు గుజ్జులో కలిపి పెట్టేదాన్ని. వాంతి చేసుకుంటే మళ్ళీ డాక్టరుకి ఫోన్. ఐరన్, కాల్షియం దానికి అదనం. నా చేతికి మణికట్టు వేలాడకుండా ప్లాస్టిక్ స్ప్లింట్ కట్టారు. పాపకి జడ వేయలేకపోయేదాన్ని. మా ఆడపడుచు వేసేది.

కోర్సు అయ్యాక నాది ముప్ఫై ఒకటికి దిగింది. గుడికి వెళ్ళి కొబ్బరికాయ కొట్టాను. నెల తర్వాత పరీక్ష చేస్తే యాభై ఐదు. మళ్ళీ ఆ షెడ్డుకి వెళ్ళానేమోనని డాక్టరు అనుమానంగా చూసింది. లేదని ఒట్టేశాను. అప్పుడు చెప్పింది.

"ఎముకల్లో పేరుకున్న లెడ్ మళ్ళీ రక్తంలోకి వస్తోంది. రీబౌండ్ అంటాం. ఏళ్ళ తరబడి చేరింది నెలలో పోదమ్మా."

ఆ రోజు బస్సులో ఏడ్చాను. ఇల్లు వదిలి వచ్చేశాను గానీ ఆ ఇల్లు నా ఎముకల్లో ఉండిపోయింది. రెండో కోర్సు, తర్వాత మూడోది కూడా వేసుకున్నాను. నవ్యకి రెండుతో సరిపోయింది.

మూడో కోర్సు నడుస్తుండగా ఆ గదుల్లోకి వేరే కుటుంబం దిగిందని తెలిసింది. షెడ్డులో కొత్తగా చేరిన పనివాడు, అతని భార్య, నడక నేర్చుకుంటున్న పిల్లాడు. రిపోర్టుల జిరాక్సులు పట్టుకుని వెళ్ళాను. అన్నయ్య దుకాణంలోనే ఉన్నాడు, నేను అటు చూడకుండా పెరట్లోకి వెళ్ళాను. ఆ అమ్మాయికి అంతా చెప్పాను.

"ఆయన మంచోడమ్మా. అద్దె కూడా వద్దన్నాడు," అంది.

"నాకూ వద్దన్నాడు," అన్నాను.

ఆ నెల చివరికి వాళ్ళు ఖాళీ చేశారు. అన్నయ్య ఫోన్ చేసి, తోడబుట్టినదానివై ఉండి నా కడుపు కొట్టావన్నాడు. అదే మా ఆఖరి మాట. ఆ వారమే నేను కాలుష్యం సంగతి చూసే ప్రభుత్వ ఆఫీసులో షెడ్డు మీద ఫిర్యాదు కాగితం పెట్టాను. వాళ్ళు వచ్చి చూసి షెడ్డు మూయించారు. ఇప్పుడు అక్కడ బ్యాటరీలు కోయడం లేదు, అమ్మకాలు మాత్రమే. చుట్టాల్లో చాలామంది మాతో మాట్లాడడం లేదు. ఇంటి విషయం వీధిలో పెట్టానట. అన్నయ్య నాకు పని నేర్పినప్పటి రోజులు తల్చుకుంటే ఇప్పటికీ ఆయన మీద ప్రేమే వస్తుంది, దాని వెంటే కోపం వస్తుంది. రెంటినీ విడదీయడం నాకు చేతకాలేదు.

ఇప్పుడు నా లెవెల్ పద్దెనిమిది. నొప్పి లేదు. మణికట్టు లేస్తుంది గానీ సాయంత్రానికి అలసిపోతుంది, చిన్న పార్టులు ఎడమచేత్తో పట్టుకోవడం అలవాటు చేసుకున్నాను. డాక్టరు ఒప్పుకున్నాక ఇంటి బయట వరండాలో బల్ల వేసుకుని ఫ్యాన్ రెగ్యులేటర్లు, ఎల్ఈడీ బల్బులు బాగుచేస్తున్నాను. సీసం లేని సోల్డర్ తెప్పించుకుంటున్నాను. బ్యాటరీ ముట్టను. నవ్య రెండో తరగతి. లెక్కలు నెమ్మదిగా వస్తున్నాయి, చదివింది కొంత మర్చిపోతుంది. ముందు ముందు ఎలా ఉంటుందో ఇప్పుడే చెప్పలేమంది డాక్టరు. పలక ముందు కూర్చున్నప్పుడు నేను ఇప్పుడు చెయ్యెత్తను.

చదివేవాళ్ళకి నేను చెప్పేది ఒకటే. ఏ జబ్బుకి ఆసుపత్రికి వెళ్ళినా, డాక్టరు అడగకపోయినా, మీరు చేసే పని ఏమిటో, మీ ఇంటి పక్కన ఏం పని జరుగుతుందో ముందు అది చెప్పండి. బ్యాటరీలు, సీసం అన్న మాట ఉంటే బ్లడ్ లెడ్ టెస్ట్ రాయమని మీరే అడగండి. ఇంట్లో చిన్నపిల్లలుంటే మీ కంటే ముందు వాళ్ళకి చేయించండి. ఎవరైనా మీకు ఒక ఇల్లు ఊరికే ఇస్తే, వాళ్ళు అందులోంచి ఎందుకు వెళ్ళిపోయారో అడగండి. ఇచ్చింది సొంత అన్నయ్యే అయినా సరే, అడగండి.