ఉత్తరపు గోడ కింది నాచు

గుడి తోటమాలి మిత్సుయే ఒక ఫొటోగ్రాఫరు నోరు మూయించిన రోజు నేనక్కడే ఉన్నాను. గుడికి ఊరగాయ జాడీ ఇవ్వడానికి వెళ్ళాను. ఆ పెద్దమనిషి సంచీడు ఎర్రటి మేపుల్ ఆకులు తెచ్చి తోటలో నాచు మీద చల్లుతున్నాడు. పత్రిక అట్టకు బొమ్మ కావాలట. మిత్సుయే కేకలు వేయలేదు. అతని ఆకు ఒకటి తీసి, మా చెట్టు ఆకు పక్కన పెట్టింది.

"మాది పసిపిల్ల అరచెయ్యంత. మీది సుమో వస్తాదు చెయ్యంత. వేసుకోండి నాయనా, క్యోటో అంతా నవ్వుకుంటుంది."

గుడి గురువుగారు ఒప్పుకున్నారన్నాడు అతను. ఆయన ఒప్పుకున్నది బొమ్మ తీయడానికే గాని అబద్ధం పరచడానికి కాదంది. చల్లిన ఆకులన్నీ అతనే వంగి ఏరుకుపోయాడు.

నేలంతా నాచు పెంచిన ఆ తోటలో ముప్పై ఎనిమిదేళ్ళు పనిచేసింది మిత్సుయే. గుడి తలుపులు తీయకముందే, నాచు చెడకుండా, రాలిన ఆకుల్ని ఒక్కొక్కటే చేత్తో ఏరేది. మొగుడు బస్సు డ్రైవరు, త్వరగానే పోయాడు. పిల్లల్లేరు. ఒక తుపానుకు ఉత్తరపు గోడ కింద నాచంతా కొట్టుకుపోతే, అరచెయ్యంత నాచు ముక్కలు తెచ్చి అతికించింది. అవి ఒకదానితో ఒకటి కలవడానికి పద్దెనిమిదేళ్ళు పట్టింది. మనం మనవల వయసు చెప్పినట్టు ఆవిడ ఆ నాచు వయసు చెప్పేది.

ఈ ఏడాది మోకాళ్ళు వంగక పని మానుకుంది. గుడికి కొత్తగా వచ్చిన చిన్న గురువు ర్యోకై, ఈ నెలంతా ఆకులు ఏరవద్దన్నాడని కబురు తెలిసింది. చూడవచ్చేవాళ్ళకు ఎర్రటి పరుపులా కనబడుతుందట. వారం రోజులు తడి ఆకులు కప్పి ఉంటే నాచు బతకదు. ఆ సంగతి మిత్సుయేకి తెలిసినంత ఎవరికీ తెలియదు.

మర్నాడు నా ఊరగాయల దుకాణం ముందు నిలబడింది. ఈ ఊళ్ళో పుట్టి ఒక్క ఏడాదీ అందరిలా ఎర్రబడ్డ ఆకులు చూడ్డానికి పోలేదని, తోడు రమ్మని అంది. ఏ ఆకులో నాకు తెలియదా? దుకాణం మూశాను.

రెండు బస్సులు నిండిపోయి ఆగకుండానే పోయాయి. మూడోదాంట్లో నిలబడి వెళ్ళాం. వంతెన దగ్గర ఎండుచేప వేసిన నూడుల్సు తిన్నాం. పులుసు నీళ్ళలా ఉందని ఆవిడ సణిగింది గాని గిన్నె ఖాళీ చేసింది. జనమంతా తలలెత్తి చెట్లు చూస్తుంటే, ఈవిడ మాత్రం కింద నేల చూస్తూ నడిచింది.

గుడి దగ్గర టికెట్లిచ్చే అమ్మాయి, మీకెందుకు మామ్మగారూ, ఊరికే లోపలికి వెళ్ళండంది. మిత్సుయే వినలేదు. ఈ రోజుల్లో టికెట్టు కొన్నవాళ్ళ మాటే వింటారని చెప్పి కొంది.

తోట ఎర్రగా మెరుస్తోంది. బాగాలేదంటే నా కళ్ళు పోతాయి. మిత్సుయే నా భుజం పట్టుకుని ఉత్తరపు గోడ దాకా నడిచి, ర్యోకైని పిలిపించి, ఆకులు తొలగించి చూడమంది. చూశాడు. కింద నాచు కాచి పారేసిన టీ పొడి రంగులోకి తిరిగింది.

అతను చెడ్డవాడు కాదు.

"మీరు మానేశాక మనుషుల్ని పెట్టాను, మామ్మగారూ. గాలి మిషనుతో ఊదారు. ఆకులతోపాటు నాచూ లేచొచ్చింది. ఇక చేసేదిలేక పరుపని చెప్పుకుంటున్నాను. చేత్తో ఏరేవాళ్ళుంటే ఇవాళే ఏరిస్తాను. ఎవరున్నారు చెప్పండి?"

మిత్సుయే నా చేతుల వంక చూసింది. నలభై ఏళ్ళుగా ఊరగాయకు దుంపల్ని కాగితంలా తరిగిన చేతులు. వాటిని చప్పున కిమోనో చేతుల్లోకి లాక్కున్నాను. లాభం లేకపోయింది.

"తోమీ, నీ మోకాళ్ళింకా వంగుతాయి. రేపు ఆరింటికల్లా రా. నేను వసారాలో కూర్చుని చెబుతాను, నువ్వు ఏరు. తొడిమ పట్టుకుని లాగు. నాచును మాత్రం తాకకు."