బొట్టు తీస్తే ఇల్లు, పెడితే పని

నా మొగుడు సచ్చింది ఒక్కసారే. నేను మాత్రం ఆయప్ప పెనుకొండలో గుండ్రాయి మాదిరి తిరుగుతా, జట్కా తోలుకుంటాండంగానే బొట్టు తీసేసినా. కోపంతో కాదు. బాడిగకు ఒక గది దొరకల్లని.

ఆయప్ప ఇంకొకామెను ఇంటికి తెచ్చె. తెచ్చి, "ఈమె ఒకపక్క ఉంటాది, నువ్వొకపక్క ఉండు, ఇల్లేమన్నా ఇరుకా?" అనె. ఇరుకు కాదు, నిజమే. బండల కప్పేసిన మిద్దె, రెండు గదులు, వెనక దొడ్డి. నాలుగు నెలలుంటి. ఒకే పొయ్యి మీద ఇద్దరం వంతులేసుకొని వండితిమి. ఆమె నన్ను ఒక మాట అనలేదు, నేనూ అనలేదు. ఒక దినం నా బిడ్డ నీళ్లకోసరం ఆమెను "అమ్మా" అని పిలిచె. ఆ పొద్దే రెండు కోకలు, ఒక చెంబు మూటగట్టుకొని, ఐదేండ్ల బిడ్డను సంకనేసుకొని బయటపడితి.

మా అన్న సోమందేపల్లిలో ఉండె. మెట్టచేను, ముగ్గురు పిల్లోళ్లు. మా వదిన మంచిదే. "నాలుగు దినాలుండు పాపా, ఎవురొద్దన్నారు" అనె. ఐదో దినం నుంచి గిన్నెలు గట్టిగా పెట్టబట్టె. మా అన్న పెద్దమనుషులను కూసోబెట్టి పంచాయితీ చేయించె. ఏడాదికి రెండు మూటల రాగులు నాకియ్యల్లని ఆయప్పకు చెప్పిరి. మొదటేడు ఒక మూట వచ్చె. రెండో మూట ఇంకా దోవలోనే ఉండాది.

అన్న ఇంట్లో ఉండలేక హిందూపురంలో మా చిన్నమ్మ దగ్గరికి పోతి. ఆమె ఇల్లు ఒక గది, ఇంట్లో ఆరుమంది. నాకూ బిడ్డకూ పంచలో చాప. మండీలో చింతపండు కొట్టి గింజలు తీసే కూలికి పోతాంటి. చేతులు పుల్లగయి, పగిలి, ఉప్పు తగిలితే సుర్రుమనేవి. కూలి దుడ్లు చేతికొస్తానే గది వెతుకుదామని పోతి. ఏ ఇంటి ముందర నిలబడినా ఒకటే మాట.

"మీ ఆయన యాడుండాడు?"

"పెనుకొండలో."

"ఆయప్ప ఆడుంటే నువ్వు ఈడేం చేస్తాండావు?"

ఒకామె గది చూపించి, తాళంచెవి చేతిలో పెట్టి, ఆ మాట అడిగినాక మళ్లా నా చేతిలోనుంచే తీసుకునె. ఇంకొకాయన నన్ను చూడకుండా పెండ్లాంతో చెప్పె, "మొగుణ్ణి ఇడిసొచ్చినామెకు ఇల్లిస్తే, రేప్పొద్దున నలుగురూ మన వాకిట్లో తేలుతారు" అని.

మా చిన్నమ్మ ఆ రాత్రి అనె: "మ్మే, మొగుడు సచ్చినామెకు అయ్యోపాపమని ఇస్తారు. ఇడిసిపెట్టినామెకు ఎవురూ ఇయ్యరు. చింతపండు పని కూడా ఇంక నెలే. ధర్మవరం పో, ఆడ ఏడాదంతా పట్టు కండెలకు చుట్టే పనుంటాది. పోయేటప్పుడు ముండమోసిన దాని మాదిరి పో."

రైలు హిందూపురం నుంచి ధర్మవరం పోవల్లంటే పెనుకొండ మీదనే పోవల్ల. పెనుకొండ టేసన్లో తలమీద కొంగు కప్పుకొని, మొగం గోడపక్కకు తిప్పుకొని కుచ్చుంటి. బయట జట్కావాళ్లు అరుస్తాండ్రి. ఆయప్ప గొంతు కూడా ఉండాదేమో అని చెవులు రిక్కిచ్చి వింటి. రైలు కదిలి ఊరు దాటినాక కొంగు తడుపుకొని బొట్టు తుడిపేస్తి. గాజులు ఒక్కొక్కటే తీసి కిటికీలోనుంచి పారేస్తి. తాళి తీసి మూటలో అడుగున పెడితి. బిడ్డ చూస్తాండె.

"ధర్మవరంలో ఎవురన్నా అడిగితే మీ నాయన సచ్చిపోయినాడని చెప్పల్ల" అంటి.

"ఎప్పుడు?" అనె.

నేను దాన్ని గురించి ఆలోచన చెయ్యలేదు. "పోయిన అమావాస్యకు" అంటి.

ధర్మవరంలో ఒక ముసలవ్వ దగ్గర గది దొరికె. నెలకు మూడు రూపాయలు. అవ్వ నా నుదురు చూసె, చేతులు చూసె. ఒక మాట అడగలేదు. లోపలికి పోయి ముద్ద సంగటి, గోంగూర ఊరుబిండి తెచ్చి బిడ్డ ముందర పెట్టె. తెల్లకోక, బోడినుదురు, అవ్వా నా మాదిరే ఉండె. కాదు, నేనే అవ్వ మాదిరి ఏసం కట్టుకొని వచ్చింటి.

గదయితే వచ్చె. పని దగ్గర వచ్చె తిప్పలు. మగ్గాలు నేయించే సావుకార్ల ఇండ్లలో ఆడోళ్లం వరసగా కుచ్చోని రాట్నం తిప్పుతా పట్టు కండెలకు చుట్టల్ల. మా వీధి సావుకారి ఇంట్లో మొదటి దినమే ఆ ఇంటామె నా మొగం చూసి, "నువ్వు ఆ మూలకు కుచ్చో" అనె. పెండ్లి చీరల పట్టు ముత్తయిదువలే ముట్టుకోవల్లని వాళ్లింటి కట్టడి. ధర్మవరంలో పెండ్లి చీర కాకుండా ఇంకేమి నేస్తారు? నాకు మిగిలింది తెగిన పోగులు ముడేసేది, సిక్కుపడిన పట్టు విడదీసేది. అదీ దినామూ ఉండదు. పెండ్లిండ్ల కాలంలో పక్కామెకు చేతినిండా పని, నాకు ఉత్తచేతులు. రెండు నెలల బాడిగ నిలిచిపాయ. అవ్వ అడగలేదు. అడగకపోయేకొద్దీ నాకు ఇంకా సిగ్గు.

అప్పుడు రైలుగేటు అవతల ఇంకొక సావుకారి ఇంటికి పోతి. పోయేముందర, ఒక పాడుపడిన కొట్టం సాటుకు పోయి కుంకుమ పెట్టుకొంటి, మూటలోని తాళి ఏసుకొంటి, రెండణాల మట్టిగాజులు తొడుక్కొంటి. "మా ఆయన పెనుకొండలో జట్కా తోలుతాడు, వారానికొకతూరి వస్తాడు" అంటి. ఆ పొద్దే ముహూర్తం చీరకు పసుపుపచ్చ పట్టు నా ముందర పోసిరి.

అట్ల రెండేండ్లు. పొద్దున కొట్టం సాటున ముత్తయిదువను అయితాంటి, సాయంత్రం అదే కొట్టం సాటున తుడుపుకొంటాంటి. బిడ్డకు ఏడేండ్లొచ్చె, నా వెంబడి పనికొస్తాండె. రైలుగేటు దాటేటప్పుడు ఒక దినం నా కొంగు పట్టుకొని మెల్లగా అడిగె:

"మా, ఇప్పుడు నాయన బతికినట్లా, సచ్చినట్లా?"

నవ్వల్లో ఏడ్వల్లో తెల్లేదు. "గేటు దాటినాక బతికినట్లు" అని చెప్తి.

రెండో ఏడు, అవ్వ తమ్ముని మనవరాలికి పెండ్లి కుదిరె. చీర కొనేకి వాళ్లంతా గేటవతలి సావుకారి ఇంటికే వచ్చిరి. అవ్వను వెంట పిలుచుకొని వచ్చిరి గాని, పెండ్లి పట్టుండే ఇల్లు గదా, అవ్వ లోపలికి రాకుండా బయట అరుగు మీదనే కుచ్చునె. ఆన్నుంచి వాకిలి లోపలికి చూస్తే నేనే. నుదుట రూపాయంత బొట్టు, ముందర పెండ్లిపట్టు.

అవ్వ చూసె. నేనూ చూస్తి. నా చేతిలో రాట్నం నిలబడిపాయ. "ఏమ్మే, నిద్దరొచ్చిందా?" అని ఇంటామె గదిరిస్తే మళ్లా తిప్పితి. అవ్వ నోరు తెరిస్తే ఆ పొద్దుకు పనీ లేదు, గదీ లేదు. అవ్వ మొగం పక్కకు తిప్పుకొని ఆకూవక్కా నములుతా కుచ్చునె, అంతే.

సాయంత్రం నేను కొట్టం దగ్గర నిలబడి, తుడుపుకొని పోదునా, అట్లనే పోదునా అని చానాసేపు ఆలోచన చేసి, అట్లనే పోతి. అవ్వ గడప మీద కుచ్చోనుండె.

"ఎన్నాళ్లాయ?" అనె.

"రెండేండ్లవ్వా."

"ఆడ బతికుండాడు, ఈడ సచ్చినాడు."

"అవునవ్వా. బతికే ఉండాడు. నేనే ఇడిసి వచ్చినా."

"వాడు బతికితే నాకేమి, సస్తే నాకేమి. నాకు మండేది దానికి కాదు. పదకొండేండ్లప్పుడు నాకు తీసేసిరి. ఎందుకు తీస్తారో కూడా తెల్లేదు. ఏడుస్తాంటే రెక్కలు పట్టుకొని తీసేసిరి. నీకు పెట్టుకునే రాత ఉండి, మూడు రూపాయల గదికి తుడిపేసుకుంటివా?"

నేను కింద కుచ్చుంటి. "ఇడిసొచ్చినానంటే నువ్వు గది ఇచ్చింటావా అవ్వా?" అంటి.

అవ్వ అబద్ధం చెప్పే మనిషి కాదు. "ఇచ్చిండను" అనె.

నేను లేచి చాప చుట్టబోతి. "యాడికి?" అనె. "ఖాళీ చేస్తానవ్వా." "చేసి? ఇంకొక ఊర్లో ఇంకెవురిని సంపుతావు? ఉండు. రేపట్నుంచి ఈ వాకిట్లోనే పెట్టుకొని పో. వీధిలో అడిగితే నేను చెప్పుకుంటా."

వీధి ఊరకుంటుందా? మర్నాడు నీళ్లబావి దగ్గర ఒకామె, "ఏమ్మే, నీ మొగుడు లేచొచ్చినాడా?" అని పెద్దగా అడిగె. వెనకనుంచి అవ్వ, "లేచొచ్చినాడులే. నీ మొగుడు సారాయంగడి దగ్గర పడుండాడంట, నువ్వు పోయి వాణ్ణి లేపుకోపో" అనె. ఆ తర్వాత వెనక ఎన్ని అనుకున్నా, మొగం మీద ఎవురూ అడగలేదు. కాని అవ్వ, నేను పొద్దున పనికి పోయేటప్పుడు గదిలోనుంచి బయటికి రాకపాయ. ముండమోసినామె ఎదురొస్తే పని చెడిపోతాదని. "నాకట్లాంటి పట్టింపు లేదవ్వా" అని ఎన్నిసార్లు చెప్పినా, "నీకు లేదు, పట్టుకు ఉండాది" అనేది.

ఇంకొక ఏడేండ్లు అట్ల జరిగె. బిడ్డ నా పక్కనే ఇంకొక రాట్నం తిప్పే అంతయ్యె. ఒక దినం మా అన్న రైలు దిగి నేరుగా వచ్చె. చెప్పులు కూడా ఇడవకుండా చెప్పె.

"మొన్న మీ ఆయన జొరమొచ్చి పోయినాడు పాపా. నీకు చెప్పేకి కూడా టైము లేకపాయ."

నేను బియ్యం ఏరుతాంటి. ఏరుతానే ఉంటి. ఏడుపు రాలేదు. పెనుకొండ టేసన్లో జట్కావాళ్ల అరుపులు చెవుల్లో తిరిగె, అంతే.

అన్న దగ్గరికి జరిగి కుచ్చునె. "పదో దినం నువ్వొచ్చి నలుగురిలో గాజులు పగలగొట్టించుకోవల్ల. ఎవురికి పగలగొడితే వాళ్లే పెండ్లామని పెద్దమనుషులు చెప్పినారు. మిద్దె నీదైతాది. ఆమెకు తాళి కట్టిన సాక్షి ఒకడూ లేడు."

"ఆమె పిల్లోళ్లు?"

"ఇద్దరు. వాళ్ల బాధ నీకెందుకు?"

నాకు ఆ మిద్దె కండ్ల ముందరికి వచ్చె. బండలు సల్లగుంటాయి ఎండాకాలంలో. సొంత ఇల్లంటే, తొమ్మిదేండ్లలో ఒక్క రాత్రి కూడా నేను ఆశపడలేదని చెప్తే అబద్ధం. కాని నలుగురిలో గాజులు పగిలినాక మళ్లా తొడుక్కొనేకి నాకు చెయ్యి రాదు. తొడుక్కోకపోతే పెండ్లిపట్టు లేదు. పెనుకొండలో మిద్దె ఉండాది, దాంట్లో కుచ్చోని ఏం వండుకుందును?

"నీకొద్దంటే బిడ్డకన్నా ఉంటాది గదా" అనె అన్న.

బిడ్డ అడిగె: "ఆడ చుట్టేకి పట్టు ఉండాదా మామా?"

అన్నతో నేను చెప్తి, "ఆమెకే పగలగొట్టమను. ఇల్లు ఆమె పిల్లోళ్లకే ఉండనీ" అని. అన్నకు కోపమొచ్చి, కాఫీ నీళ్లు కూడా తాగకుండా లేచె. "ఇంక రాగుల మూటకు కూడా నోరు లేదు నీకు" అని రైలుకు పాయ.

అవ్వ లోపల అంతా వినింది. అప్పుడామెకు చూపు సరిగ్గా ఆనేది కాదు. "అవ్వా, ఇప్పుడు నిజంగానే సచ్చినాడు" అంటి. "నాకు చెవుడు" అనె అవ్వ, గోడ పక్కకు తిరుక్కొని.

పదో దినం శుక్రవారం వచ్చె. గేటవతలి సావుకారి ఇంట్లో శుక్రవారం పనోళ్లందరికీ పసుపు కుంకుమ ఇస్తారు. ఇంటామె భరిణె తెచ్చి నా ముందర వంగె. పెనుకొండలో అది ఆ రెండో ఆమె చేతులు పట్టుకొని గాజులు పగలగొట్టే వేళ. నేను నుదురు ముందరికి పెడితి. ఇంటామె బొట్టు పెట్టి పక్కామె దగ్గరికి పాయ, నేను పసుపుపచ్చ పట్టు తీసుకొని ఇంకొక కండె ఎక్కిస్తి.

బిడ్డకు ధర్మవరంలోనే మగ్గం నేసే అబ్బాయితో పెండ్లాయె. ఆ చీర పట్టు కూడా నేనే చుట్టినా. ఆ మర్నాడు, బిడ్డ ఒడ్డున పడింది, ఇంక ఏసం సాలని, గేటు దాటకుండా గదిలోనే ఉండి బొట్టూ గాజులూ నేనే తీసేస్తి, నీళ్లతో కడుక్కొంటి. రెక్కలు పట్టుకొనేకి ఎవురూ రాలేదు. అవ్వ బాడిగ తీసుకొనేకి చెయ్యి చాపి, నా నుదురు తడిమి చూసి, ఆ నెల దుడ్లు తీసుకోకపాయ.