సున్నం కొట్టిన గోడ

గోడౌన్ వెనక గోడను తాకితే టార్చి మేడమ్ వేలికి ఇంకా ఆరని సున్నం అంటుకుంది.

పట్టపగలైనా చేతిలో టార్చిలైటు లేకుండా గోడౌన్ గడప తొక్కదు కనక ఆవిడకు ఆ పేరు. కంపెనీ గోడౌన్లు తనిఖీ చేసి రిపోర్టులు రాయడం ఆవిడ ఉద్యోగం. "మా కోడలు ఎవరింటికెళ్లినా ముందు మనుషుల్ని కాదు, చూరు చూస్తుంది" అని అత్తగారు చుట్టాలందరికీ చెబుతుంది. ఆవిడ రిపోర్టులో అలంకారాలుండవు. లోపం ఎక్కడుంది, ఎందుకొచ్చింది, బాధ్యులెవరు, ఎప్పటిలోగా సరిచేయాలి, అంతే. కళ్లతో చూసింది రాయాలి, చెవిన పడింది రాయకూడదు అని జూనియర్లకు నూరిపోసింది ఆవిడే.

గోడ పక్క వరుసలో సబ్బుల పెట్టెలు పైకి నిక్షేపంగా ఉన్నాయి. అలవాటు ప్రకారం అట్టడుగు పెట్టె బయటికి తీయించింది. అట్ట నాని, ముద్దలా కూలీ చేతిలోకి ఊడొచ్చింది. ఆ వరుస అడుగంతా అదే తీరు.

గోడౌన్ కీపర్‌కు రిటైరవడానికి ఇంకో ఏడాది ఉంది. వానపడితే రేకులూ గోడా కలిసేచోట నుంచి నీళ్లు దిగుతాయని, బిల్డింగు పనులు చూసే ఆఫీసరుకు ఎన్నోసార్లు ఫోన్లో మొత్తుకున్నానని, గోడ నిండా చారలు కట్టాయని ఆయన చెప్పుకొచ్చాడు.

"మరి ఆ చారలేవి బాబాయ్?"

ఆయన గోడ వంక చూశాడు. "మీరొస్తున్నారని నిన్న సున్నం కొట్టించానమ్మా."

"ఎవరు కొట్టించమన్నారు?"

"ఒకరు చెప్పాలా? ఇంటికి మనిషొస్తుంటే వాకిలి ఊడ్చుకోమూ?"

కూలీలు నవ్వారు. ఆవిడ నవ్వలేదు. రేకుల మీదికి టార్చి వేసింది. చిల్లు కనిపించలేదు. బయట ఎండ మండిపోతోంది. ఫోన్లో మొత్తుకున్నదానికి ఆధారం లేదు. ఆయన తరఫున సాక్ష్యం చెప్పగలిగింది ఆ చారలొక్కటే, వాటినీ ఆయనే కప్పేశాడు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది.

వెళ్లేముందు ఆయన కారు దాకా వచ్చాడు. "పైకప్పు కారుతోందని ఒక్క ముక్క రాయండమ్మా. లేకపోతే నన్నుంచరు."

చూస్తానంది ఆవిడ.

రాసింది కూడా. నీళ్లు పైనుంచి దిగుతున్నాయని కీపర్ చెప్పారు, పరిశీలించాలి అని. ఆఫీసులో రిపోర్టు చదువుతున్న మేనేజరు ఆ వాక్యం దగ్గర పెన్సిలు ఆపాడు.

"'చెప్పారు' ఏంటమ్మా? నువ్వు చూశావా?"

"చూళ్లేదు సార్. చారలు సున్నం కింద ఉండాలి."

"గీకి చూశావా?"

గీకలేదు. పచ్చి సున్నం, గోటితో గీకినా ఊడొచ్చేది. చారలు కప్పేశాడని మనిషి మీద చిరాకుపడిందే గానీ, ఆ ఆలోచనే రాలేదు. మళ్లీ వెళ్లొస్తానంది. రిపోర్టు సాయంత్రానికి పైవాళ్ల బల్ల మీద ఉండాలన్నాడాయన. నీ పాఠం నీకే చెప్పాలా అని కూడా అన్నాడు.

ఆవిడ ఆ వాక్యం తీసేసింది. కారణం దగ్గర 'పర్యవేక్షణ లోపం' అని రాసింది. ఏమీ తేల్చి చెప్పని మాట అని జూనియర్ల రిపోర్టుల్లో ఎన్నోసార్లు కొట్టేసిన మాటే అది. బాధ్యులెవరన్న చోటు ఖాళీగా ఉంటే రిపోర్టు వెనక్కొస్తుంది. అక్కడ గోడౌన్ కీపర్ అని రాసింది.

వారం తిరక్కుండా ఆయన్ని తీసేశారు. తాళాలు అప్పగించడానికి ఆఫీసుకు వచ్చినప్పుడు మెట్ల మీద ఎదురుపడ్డాడు. ఆవిడ తప్పుకుపోబోయింది.

"రిపోర్టు చాలా బాగుందన్నారటగా అమ్మా, పైవాళ్లు" అన్నాడు. గొంతులో ఎత్తిపొడుపు లేదు. సున్నం సంగతి అందులో రాశారా అని అడిగాడు.

రాయలేదంది.

"మంచిపని చేశారు. పరువుపోయేది" అని మెట్లు దిగి వెళ్లిపోయాడు.

రిపోర్టు అందిన వెంటనే చర్య తీసుకోగలిగారు కనక దాన్నే నమూనాగా ఎంచారు. కొత్తగా చేరిన ఆరుగురికి సోమవారం దాన్ని చూపించి పాఠం చెప్పాల్సింది ఆవిడే.