మోలు ఉమురో విన్న దగ్గు

ఉత్తర కెన్యా ఎడారిలోని మా మైకోనా విడిదిలో మోలు ఉమురో కుడిచెవికి ఉన్న పరపతి సర్కారువారి ఏ కార్యాలయానికీ లేదు. ఎవరి ఒంటె దగ్గినా ఆయన్ని పిలుచుకెళ్ళేవారు. ఆయన ఒంటెను కూర్చోబెట్టి, పక్కటెముకలకు చెవి ఆనించి, కళ్ళు మూసుకుని, తీర్పు చెప్పబోయే పెద్దమనిషిలా మౌనం వహించేవాడు. ఆ తరువాత, "దుమ్ము దగ్గు, పొండి" అనేవాడు. లేదా, "ఊపిరితిత్తులు పట్టేశాయి, మందలోంచి విడదీయండి" అనేవాడు. ముప్పై ఏళ్ళలో ఆ చెవి పొరబడిన దాఖలా లేదు.

ఆయన రెండో సుగుణం, ఏదైనా సమానంగా పంచడం. టీ పోస్తే ఏ గ్లాసూ పక్క గ్లాసును చూసి చిన్నబుచ్చుకునేది కాదు. ఈ సుగుణమే కొంప ముంచింది.

వానలు తప్పిన ఏడాది, గాలిదుమ్ముతోపాటు దగ్గు కూడా దిగింది. ఆరు ఒంటెలు ముక్కులు కార్చుకుంటూ మేత మానేశాయి. మర్సబిట్ పట్నం నుంచి పశువైద్యురాలు కబాలె వచ్చి రెండు సీసాల మందిచ్చింది. "తాతా, జబ్బున్న ఆరింటికే. పూర్తి మోతాదు, ఐదు రోజులు" అని సూది వెయ్యడం చూపించి వెళ్ళింది. ఆమె బండి లేపిన దుమ్ము అణగకముందే మోలు విడిదిలోని నలభై ఒంటెలనూ వరసలో నిలబెట్టాడు.

"ఆరింటికే అంది కదా బావా?" అన్నాడు పొరుగింటి అదానో.

"నీ ఆడ ఒంటె దగ్గలేదని దాన్ని పరాయిదాన్ని చేస్తానా?"

అదానో తన ఒంటె తాడు బిగించి పట్టుకున్నాడు. ఆ ఒంటె కూడా వరసలోనే ఉంది మరి. రెండు సీసాల మందునూ మోలు నలభైకీ సమానంగా సర్దాడు.

పది రోజుల్లో మూడు చచ్చిపోయాయి. మొదటి ఆరింటిలో ఉన్న అదానో మరో ఒంటె ఇంకా దగ్గుతూనే ఉంది. మళ్ళీ వచ్చిన కబాలె చచ్చినవాటిలో ఒకదాన్ని కోసి చూసింది. మెత్తగా, గాలితో ఉండాల్సిన ఊపిరితిత్తి కాలేయంలా గట్టిపడి ఉంది. జరిగిన పంపకం విని నెత్తి కొట్టుకుంది.

"ఇందులో కంటికి కనబడని సూక్ష్మజీవులున్నాయి తాతా. మంచి ఒంటె ముక్కులో కూడా ఉంటాయి, ఊరికే పడుంటాయి. ఒంటె నీరసపడితే ఊపిరితిత్తుల్లోకి దిగుతాయి. పూర్తి మోతాదు పడితే చస్తాయి. చుక్క చుక్కగా వేస్తే మందుకు అలవాటుపడి మొండికేస్తాయి."

"అంటే వాటికీ వాటా పెట్టానన్నమాట" అన్నాడు మోలు.

కబాలె చేతులు కడుక్కుని బండిలోంచి మందుపెట్టె దించింది.

ఈసారి ఆమె తెచ్చింది వేరే మందు, ఒక్కటే సీసా. రెండు ఒంటెలకే సరిపోతుంది. మిగిలిన జబ్బు ఒంటెలు మాత్రం మూడు: అదానోది, భర్త పోయిన దరారెకున్న ఒకే ఒక్క ఒంటె, మోలు సొంత ఒంటె గురాతీ. ఆ నల్లటి గురాతీ పాలతోనే ఆయన ఇంట్లో ఐదుగురు మనవలు పెరుగుతున్నారు. ఇంట్లో మరో పాడి లేదు.

"బాగా ముదిరినదానికి వేసి లాభం లేదు. ఏది ముదిరిందో నువ్వే విని చెప్పు తాతా. నా గొట్టం మాట మీవాళ్ళు నమ్మరు" అంది కబాలె.

విడిది అంతా చేరింది. అదానో ఒంటె దగ్గర మోలుకు రెండు నిమిషాలు పట్టింది. దరారె ఒంటె దగ్గరా అంతే. గురాతీ దగ్గర మాత్రం ఎంతకీ చెవి తియ్యలేదు. అటుపక్కకు వెళ్ళి విన్నాడు. మళ్ళీ ఇటు వచ్చాడు.

"ఏం బావా, అక్కడే కాపురం పెడతావా?" అన్నాడు అదానో. గొంతులో ఎగతాళి కన్నా భయమే ఎక్కువ.

మోలు లేచి, మోకాళ్ళకంటిన ఇసుక దులుపుకుని, భార్య తూమె వైపు చూశాడు.

"దీన్ని విడదీయండి" అన్నాడు.

"ఆ చెవి పాడుగాను!" అంది తూమె. ముప్పై ఏళ్ళలో ఆ చెవిని తిట్టిన మొదటి మనిషి ఆమె.

గురాతీ నాలుగో రోజున పోయింది. మిగతా రెండూ తేరుకున్నాయి. దరారె రోజూ పొద్దున్నే తన ఒంటె పాలలో సగం తెచ్చి ఇచ్చేది. మోలు వాటిని మనవల ఐదు గ్లాసుల్లో పోసి, కళ్ళు చికిలించి మట్టం చూసి, ఎక్కువైన చుక్కను తక్కువైనదాంట్లోకి వంపేవాడు.

"చిన్నదానికి మొన్నటినుంచి జ్వరం" అంది తూమె ఒకరోజు, ఎటో చూస్తూ.

మోలు గ్లాసులను దగ్గరికి జరుపుకున్నాడు. తరువాత మిగతా నాలుగు గ్లాసుల్లోంచీ కాస్త కాస్త తీసి చిన్నదాని గ్లాసులో పోశాడు. అది అంచుదాకా నిండింది. ఆయన మళ్ళీ మట్టం చూడలేదు.