రామ్‌దాస్ వ్యాన్‌కు ఏడు తాళాలు

బోధన్‌లో రామ్‌దాస్ వెల్డింగ్ చేసిన గ్రిల్లు ఒకసారి కిటికీకి ఎక్కిందంటే, ఇల్లు కూలినా అది కూలదు. ఇది ఊరి మాట. ఆయన సొంత మాట ఇంకా పెద్దది. "నా గ్రిల్లు ముందర నిలవడితే దొంగ సలాం కొట్టి మళ్లిపోతడు" అంటాడు మీసం సర్దుకుంటూ. మనిషి అయిదడుగుల మూడంగుళాలే గానీ ఆ మీసం మాత్రం ఆరడుగుల వాడికి పెట్టాల్సింది.

అటువంటి రామ్‌దాస్ యాభై ఆరో ఏట నిజామాబాద్‌కు ఇనుప పట్టీలు కొనడానికి పోయి, పాత సామాన్ల గోదాములో ఒక వ్యాన్‌ను చూసి అక్కడే నిలబడిపోయాడు. గుండ్రటి లైట్లు, చప్పిడి ముక్కు, ఎగిరిపోయిన రంగు. చక్కెర ఫ్యాక్టరీ నడిచే రోజుల్లో ఆఫీసర్ల పిల్లల్ని బడికి తీసుకుపోయిన వ్యాన్ అది. అదే బడికి రామ్‌దాస్ నడిచిపోయేవాడు. దాని దుమ్ము ఏళ్లకేళ్లు తిన్నాడు గానీ దాని సీటు మీద ఒక్కనాడూ కూర్చున్న పాపాన పోలేదు. ఇనుప పట్టీల సంగతి మరిచిపోయి, వ్యాన్‌ను లారీ వెనక కట్టించుకుని ఊరేగింపుగా ఇంటికి వచ్చాడు.

భార్య భాగ్యలక్ష్మి వాకిట్లోకి వచ్చి చూసింది.

"ఇనుము తెస్తనని పోయి తుక్కు తెచ్చినవా?"

"తుక్కు గాదే. దీంట్ల నీకు సముద్రం సూపిస్త."

ఆ ఒక్క మాటతో ఆమె నోరు మూతపడింది. భాగ్యలక్ష్మికి సముద్రం పిచ్చి. అది అంటించింది హనుమాయమ్మ. కోస్తా నుంచి వచ్చి, కాలువ పక్క క్యాంపు కట్టుకుని వరి పండించే వాళ్ల ఇంటి కోడలు ఆమె, పుట్టిల్లు బాపట్ల దగ్గర. పన్నెండేళ్ల కింద గేటు చేయించుకోవడానికి వచ్చి భాగ్యలక్ష్మికి స్నేహితురాలైంది. వచ్చిన ప్రతిసారీ మా సముద్రం, మా సముద్రం అంటుంది. "మన నిజాంసాగర్ లెక్కనే ఉంటదా అక్కా?" అని భాగ్యలక్ష్మి అడిగితే హనుమాయమ్మ పడీపడీ నవ్వింది. "నిజాంసాగర్‌కి అవతలి గట్టు ఉంటుంది వదినా!" అంది. ఆ రోజు నుంచి గట్టు లేని నీళ్లు ఎట్లా ఉంటాయోనని భాగ్యలక్ష్మికి నిద్ర పట్టలేదంటే నమ్మండి.

ఏడాది కష్టపడ్డాడు రామ్‌దాస్. ఇంజను బాగుచేయించాడు, వెనకాల మంచం బిగించాడు, చిన్న పొయ్యి పెట్టాడు, పైన ఆకుపచ్చ కింద మీగడ రంగు కొట్టాడు. దసరా తెల్లారి బయల్దేరాలని, హనుమాయమ్మను పుట్టింట్లో దింపి సముద్రం చూడాలని ముహూర్తం పెట్టుకున్నారు. భాగ్యలక్ష్మి నెల ముందే సంచి సర్దేసుకుంది.

అంతా బాగానే ఉండేది, పరదాల బట్ట కోసం నిజామాబాద్ పోకపోతే. బజారు పక్క గల్లీలో వ్యాన్ ఆపి, బట్ట చింపించుకుని తిరిగొచ్చేసరికి బ్యాటరీ లేదు, స్టెప్నీ లేదు, ముందు అద్దం దగ్గర అంటించిన ఇత్తడి ఆంజనేయస్వామి కూడా లేడు.

"బ్యాటరీ పోతే పాయె. దేవుణ్ణి ఎత్తుకపోయిండంటే వాడు ఎసొంటి దొంగనే?" అని రామ్‌దాస్ నడిరోడ్డు మీద నెత్తి పట్టుకున్నాడు. ఊరందరి ఇళ్లకూ కాపలా పెట్టిన మనిషి బండిలోనే దొంగ పడ్డాడు! ఎంత నామోషీ!

దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగాయంటారు. రామ్‌దాస్ ఆర్నెల్లు ఆగలేదు, ఆ సాయంత్రమే మొదలుపెట్టాడు. కిటికీలన్నిటికీ వేలు లావు చువ్వలు వెల్డింగ్ చేశాడు. డ్రైవర్ సీటుకూ వెనక గదికీ నడుమ ఇనుప జాలీ కొట్టాడు. ఇక మిగిలింది వెనక తలుపు ఒక్కటే. దానికి మందపాటి రేకుతో గొళ్లేలు చేసి ఏడు తాళాలు బిగించాడు. ఏడెందుకయ్యా అంటే, "వారానికి ఏడు దినాలు దొంగలు తిరుగుతరు గదా" అన్నాడు. ఈ లెక్క ఏ బడిలో నేర్చుకున్నాడో మరి.

"లోపల మనం ఉంటం. పొయ్యి ఉంటది, పరదాలుంటయి. మంట లేస్తే ఎట్లనయ్యా?" అని భాగ్యలక్ష్మి అడిగింది.

అదీ నిజమేనని మంటలార్పే ఎర్ర సిలిండర్ ఒకటి తెచ్చాడు. తెచ్చినవాడు ఊరుకోవచ్చు కదా? దాన్నీ ఎత్తుకపోతారని మంచం కోడుకు గొలుసుతో కట్టి దానికో తాళం వేశాడు.

భాగ్యలక్ష్మి నడుం మీద చేతులు పెట్టుకుంది. "మంట లేసినంక తాళంచెవి దేవులాడుకోవాల్నా? ఓ మంటా, జర ఆగవే, మా ఆయన చెవి తెస్తుండు అని బతిమిలాడాల్నా?"

"నువ్వు ఊకో. మంట రోజు లేస్తదా? దొంగ రోజు తిరుగుతడు."

అట్లా దసరా వచ్చింది. ఆయుధపూజ నాడు వెల్డింగ్ దుకాణం చూడాలి! మిషను, కటింగ్ మిషను, సుత్తులు, పట్టకార్లు అన్నీ కడిగి వరసగా పెట్టి, పసుపు కుంకుమ అద్ది, బంతిపూలు వేశాడు రామ్‌దాస్. పూజలో పెట్టిన ఇనుము ఆ రోజంతా ముట్టకూడదు. భక్తి పొంగుకొచ్చి, ఇంటి గుమ్మానికి కలిపిన పసుపు ముద్దను వ్యాన్ తాళాలకు కూడా మెత్తాడు. ఒక్కొక్క తాళంచెవికీ అటూ ఇటూ పూశాడు. చెవుల మీద గీసుకున్న నంబర్లు పసుపులో మునిగాయి. తాళాల కంతల్లోకీ పసుపు పోయింది. అది ఆయన కంటికి ఆనలేదు.

పొద్దున పదింటికి హనుమాయమ్మ స్టీలు క్యాను నిండా మజ్జిగ పట్టుకుని వచ్చింది. భాగ్యలక్ష్మి కర్పూరం వెలిగించిన పళ్లెంతో వ్యాన్ ఎక్కి, లోపల దేవుడి పటానికి హారతి ఇచ్చి, పళ్లెం కిటికీ కింద బల్ల మీద పెట్టింది. హనుమాయమ్మ కూడా ఎక్కి మంచం మీద కూర్చుని, "ఎంత బాగా చేశారు అన్నయ్యగారూ!" అంది.

ఆ మెచ్చుకోలే కొంప ముంచింది. "మీరు లోపలనే కూసోన్రి. దొంగొస్తే ఎంత తిప్పలు పడ్తడో సూపిస్త" అని రామ్‌దాస్ కిందికి దూకి తలుపు మూశాడు. తాళాలు నొక్కితే పడేవి, చెవి అక్కర్లేదు. టక్, టక్, టక్, ఏడూ నొక్కేశాడు. ఇక దొంగ వేషం మొదలైంది. తువ్వాల మొహానికి చుట్టుకుని పిల్లి నడక నడిచాడు, తలుపు గుంజాడు, తాళం కొరికాడు, చెమట తుడుచుకున్నాడు, చివరికి వ్యాన్‌కు వంగి సలాం కొట్టాడు. లోపల ఇద్దరూ కిటికీలోంచి చూసి పొట్టలు పట్టుకుని నవ్వారు. వాళ్ల వెనక, అవతలి కిటికీ పరదా అంచు పళ్లెంలోని కర్పూరాన్ని ముద్దు పెట్టుకుంది.

"అన్నయ్యగారూ, పరదా అంటుకుందండీ! తలుపు తీయండి!"

"దొంగలకు గట్ల భయం పెట్టద్దు" అన్నాడు రామ్‌దాస్ తువ్వాల చాటునుంచి.

"ఓ అయ్యా, నీ ఏషాలు మన్నువడ! తలుపు తియ్యి!"

అది భాగ్యలక్ష్మి గొంతు. వెంటనే చువ్వల్లోంచి పొగ వచ్చింది. రామ్‌దాస్ మొహం మీది తువ్వాల పీకి పారేశాడు.

తాళంచెవుల కోసం పూజ దగ్గరికి ఉరికాడు. గుత్తి తీసి చూస్తే అన్నీ పచ్చగా, పెళ్లికూతుళ్ల లెక్క ఒక్క తీరే ఉన్నాయి. ఏది దేనిదో ఆ దేవుడికే ఎరుక. బకెట్‌లో ముంచి కడిగాడు. తొందరలో గుత్తి రెండుసార్లు కింద పడింది. లోపల భాగ్యలక్ష్మి ఎర్ర సిలిండర్ పట్టుకుని గుంజింది. గొలుసు ఊడదు, తాళం రాదు. మంచి పనితనం మరి! హనుమాయమ్మ ఇక ఆలోచించలేదు. మజ్జిగ క్యాను మూత తీసి పరదా మీద ఒక్కసారిగా కుమ్మరించింది. చుయ్ మని మంట ఆరింది. పొగ మాత్రం ఆరలేదు. ఇద్దరూ చువ్వలకు ముక్కులు ఆనించి దగ్గుతూ నిలబడ్డారు.

ఆ దగ్గు వింటుంటే రామ్‌దాస్‌కు పిచ్చెక్కింది. మూడు తాళాలు ఎట్లాగో వచ్చాయి. నాలుగోదాని కంతలో పసుపు గడ్డకట్టి చెవి విరిగింది. కటింగ్ మిషను కోసం చెయ్యి చాపితే, పక్క టీ కొట్టు పోశయ్య, "పూజల పెట్టినవి ముట్టొద్దన్నా!" అని అరిచాడు.

"నా పెండ్లాన్ని మించిన పూజ ఏందిరా!" అని రామ్‌దాస్ మిషను ఎత్తాడు. బంతిపూలు నాలుగు దిక్కులా ఎగిరాయి. గొళ్లెం మీద పెట్టి కోస్తుంటే నిప్పురవ్వలు లేస్తున్నాయి గానీ గొళ్లెం లొంగదు.

"ఎవడ్రా గింత మందం రేకు పెట్టింది? వాని చేతులు విరగ!" అని తిట్టాడు. తిట్టాక గుర్తొచ్చింది ఎవడో.

నాలుగు గొళ్లేలూ తెగి తలుపు తెరుచుకునేసరికి గల్లీ అంతా చేరింది. మసి ముక్కులతో ఇద్దరూ దిగారు. హనుమాయమ్మ జడలో కరివేపాకు చిక్కుకుని ఉంది. భాగ్యలక్ష్మి మొగుణ్ణి ఎగాదిగా చూసింది.

"నువ్వు ఈ తాళాలు దొంగకు ఏసినవా, నాకు ఏసినవా?"

రామ్‌దాస్ చేతిలోని తెగిన గొళ్లెం వంక చూశాడు.

"నేను ఎక్క. నీ సముద్రం నువ్వే సూసుకో పో" అని ఇంట్లోకి పోయి, నెల నుంచి సర్ది ఉన్న సంచిలోంచి చీరలు తీసి దండెం మీద వేసేసింది.

బ్యాటరీ పోయిన నాడు రాని ఏడుపు రామ్‌దాస్‌కు ఆ చీరలు చూస్తే వచ్చింది. పన్నెండేళ్లుగా ఆమె ఒక్కటి అడిగింది. దాన్ని తన చేతులతోనే వెల్డింగ్ చేసి మూసేశాడు.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నాడని గల్లీ నవ్వింది. నవ్వనివ్వండి, పట్టుకున్నాడు కదా. మర్నాటి నుంచి దుకాణం బందు పెట్టి వ్యాన్‌లోనే కూర్చున్నాడు. చువ్వలు కోశాడు, జాలీ పీకాడు, పెచ్చులూడిన పాత వైర్లు తీయించి కొత్తవి వేయించాడు. నాలుగో రోజు భాగ్యలక్ష్మి టీ తెచ్చి అక్కడ పెట్టి, పోకుండా నిలబడింది. మాట్లాడకూడదనే అనుకుంది పాపం, నోరు ఊరుకోలేదు.

"రెండు పరీక్షలు పెడ్త. నా కండ్లకు గుడ్డ కట్టి లోపలేస్తే, పది లెక్కవెట్టెలోపల నేను బయట ఉండాలె. నేను ఒక గ్లాసు చాయ తాగేదాక నువ్వు లోపలికి రాలేకపోవాలె. రెండూ అయితే ఎక్కుత."

"ఖాయమా?"

"ఖాయం."

అప్పుడు రామ్‌దాస్ తలకెక్కిన సంగతి చాలా చిన్నది. తాళం బయటివాడికి, లోపల ఉన్నవాడికి చెయ్యి చాలాలి. వెనక తలుపుకు ఒక్కటే మంచి తాళం పెట్టాడు, లోపలి నుంచి ఒక్క గుంజుతో తెరుచుకునేటట్టు. కిటికీలకు తేలికపాటి గ్రిల్లులు వేసి, వాటిలో ఒకదాన్ని మడత బందుల మీద తలుపులా చేసి, లోపల గుంజితే తెరుచుకునే ఉంగరం పెట్టాడు. బయటి నుంచి చెయ్యి పెట్టినా ఉంగరం అందకుండా రేకు మూత వేశాడు. బ్యాటరీకి సీటు కింద దాచిన స్విచ్చి పెట్టాడు, అది నొక్కనిదే బండి కదలదు. పొయ్యిని దించి, వంట బయటనే అన్నాడు. ఎర్ర సిలిండర్‌ను తలుపు పక్కన తోలు బెల్టుతో కట్టాడు.

"బెల్టు ఎవడన్న ఇప్పుకోవచ్చు. ఎత్తుకపోతడేమో?" అని ఈసారి భాగ్యలక్ష్మే అడిగింది.

"పోనియ్యే. అది పోతే ఇంకోటి దొరుకుతది. నువ్వు పోతే నాకు ఇంకొకతి దొరకదు" అన్నాడు వైరు చుడుతూ, తలెత్తకుండా. భాగ్యలక్ష్మికి ముక్కుపుటాలు అదిరాయి. పొగ వల్ల అని చెప్పుకుంది. పొగ ఆరి వారం దాటింది.

పరీక్ష నాడు హనుమాయమ్మ లెక్కపెట్టింది. "ఒకటీ, రెండూ, మూడూ..." అయిదు అనేలోపల గ్రిల్లు తెరుచుకుంది. కళ్లకు గుడ్డతోనే, యాభై ఏళ్ల భాగ్యలక్ష్మి కిటికీలోంచి దభీమని మొగుడి మీద పడింది. ఇద్దరూ కింద పడ్డారు. తలుపు ఉండగా కిటికీ ఎందుకంటే, "రెండూ నేర్సుకున్న" అంది చీర దులుపుకుంటూ. ఆయన అన్నానికి పోయినప్పుడల్లా దొంగతనంగా ప్రాక్టీసు చేసిందట!

ఇక రామ్‌దాస్ వంతు. ఆమె గల్లీ నడుమ కుర్చీ వేసుకుని టీ ఊది ఊది తాగింది. ఆయన ముందు తలుపులూ వెనక తలుపూ లాగాడు, కిటికీలో చెయ్యి పెట్టాడు, బండి కింద దూరాడు. గ్లాసు ఖాళీ అయింది. ఆయన లోపలికి పోలేదు. ఓడిపోయి అంత సంబరపడి ఎగిరిన మనిషిని బోధన్ ఇంతకుముందు చూడలేదు. దండెం మీది చీరలు మళ్లీ సంచిలోకి పోయాయి.

రెండు రోజుల ప్రయాణం. హనుమాయమ్మను పుట్టింట్లో దింపి, మధ్యాహ్నం మూడింటికి సూర్యలంక చేరారు. సరుగుడు చెట్లు దాటి వ్యాన్ ఆగిందో లేదో, భాగ్యలక్ష్మికి నీళ్లు కనబడ్డాయి. అవతలి గట్టు లేదు. "ఓ అవ్వో!" అని కేక పెట్టి చెప్పులు వదిలి ఉరికింది. ఆమె వెనక రామ్‌దాస్ ఉరికాడు. ఇసుకలో పడి లేచి, నవ్వి, చెయ్యీ చెయ్యీ పట్టుకుని మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడ్డారు. ఒక అల వచ్చి ఇద్దర్నీ నిలువునా తడిపింది.

"తాళం ఏసినవా?" అని అడిగింది భాగ్యలక్ష్మి.

రామ్‌దాస్ జేబు తడుముకుని వెనక్కి చూశాడు. దూరంగా వ్యాన్ తలుపు బార్లా తెరిచి ఉంది. తాళంచెవి దానికే వేలాడుతోంది.

"ఏసిన" అన్నాడు.

"అబద్ధం. నేనే సూసిన, తీసే ఉన్నది" అంది ఆమె, చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకుని. "ఉండనియి."