దయచేసి అనకూడని రోజు

ఓలీటా స్ట్రౌడ్‌కి అరవై రెండేళ్ళు. అందులో ఇరవై ఏడేళ్ళు పైన్ ఫోర్క్ బడి భోజనశాలలో గరిటె పట్టుకునే గడిచిపోయాయి. ఊళ్ళో నడివయసు వాళ్ళలో ఎవర్ని చూసినా, వీడు చిక్కుడుగింజలు బల్లకింద దాచేవాడు, ఈ పిల్ల రోజూ పాలు ఒలకబోసేది అని ఆవిడకు ఠక్కున గుర్తొస్తుంది. బడి నుంచి రిటైరయ్యాక ఆ గరిటె చర్చి వంటింట్లోకి మారింది, అంతే. అలాంటి ఆవిడకు ఆ ఏడాది ఉన్నట్టుండి ఒక కోరిక పుట్టింది. చర్చి గుమ్మం దగ్గర నిలబడాలని.

గుమ్మం దగ్గర నిలబడటమంటే ఊరికే నిలబడటం కాదు. లిటిల్ సైప్రస్ చర్చికి ఓ కాపలా జట్టు ఉంది. ఆదివారం పొద్దున్నే ఆరుగురు మగవాళ్ళు కోటు కింద పిస్తోలు, చెవిలో ఇయర్‌ఫోను తీగ పెట్టుకుని, చేతులు కట్టుకుని, మొహాలు గంటుపెట్టుకుని నిలబడతారు. అక్కడ ఎన్నడూ ఏమీ జరగలేదు. ఏమీ జరగకపోవడం తమ ప్రతాపమేనని వాళ్ళ నమ్మకం.

ఏప్రిల్‌లో మాత్రం ఒకటి జరిగింది. గడ్డంతో, చేతిలో నల్లపెట్టెతో వచ్చిన ఓ పరాయి మనిషిని జోరువానలో ముప్పావుగంట నిలబెట్టి, పెట్టె తెరిపించి, జేబులు తిరగేయించి, నానా ప్రశ్నలూ వేశారు. తీరా చూస్తే అతను చర్చి పియానో బాగుచేయడానికి పాస్టరుగారు పిలిపించిన మనిషి. వంటింటి కిటికీలోంచి ఓలీటా ఇదంతా చూసింది. అతను పొద్దుటినుంచీ ఏమీ తినలేదని ఆవిడకు అంత దూరం నుంచే తెలిసిపోయింది. మొహం చూసి ఆకలి పోల్చుకోలేని వాళ్ళని గుమ్మం దగ్గర ఎందుకు పెట్టారన్న ప్రశ్న ఆరోజు పట్టుకుంది, మళ్ళీ వదల్లేదు.

అక్టోబరులో జట్టులో ఒకాయనకు తుంటి ఆపరేషనయింది. ఒక్క చోటు ఖాళీ. ఆ చోటు కావాలన్నవాళ్ళు గార్లండ్ ప్రూట్ దగ్గర ఒకరోజు శిక్షణకు వెళ్ళాలి. పరుగెత్తాలి, పాకాలి, బరువు లాగాలి, పిస్తోలు పేల్చాలి. మార్కులు చూసి జట్టు పెద్ద నిర్ణయిస్తాడు. ఓలీటా పేరిచ్చింది. ఆవిడ మొగుడు ఎల్డన్ కూడా ఇచ్చాడు. ముప్పై ఏళ్ళు గ్యాసు లారీ తోలి రిటైరైన ఎల్డన్‌కి ఆ చోటు తనదేనని గట్టి నమ్మకం.

"నువ్వు గుమ్మంలో నిలబడితే వంటింట్లో ఎవరుంటారే?" అన్నాడు.

"ఎవరికి ఆకలేస్తే వాళ్ళుంటారు" అంది ఓలీటా.

ఇక్కడ ఎల్డన్ కోటు సంగతి చెప్పాలి. అది ఎర్రగళ్ళ ఉన్నికోటు, జింకల వేటకు వేసుకునేది. పందొమ్మిదేళ్ళుగా దానికి నీళ్ళు తగల్లేదు. ఉతికితే అదృష్టం కొట్టుకుపోతుందని ఎల్డన్ వాదన. దానికి తోడు, మగజింకల్ని రప్పించడానికి వేటగాళ్ళు వాడే ఆడజింక మూత్రం సీసా ఒకటి నాలుగేళ్ళ కిందట దాని జేబులోనే పగిలింది. జింకలు వచ్చాయో లేదో గాని చుట్టాలు రావడం మానేశారు. జులైలో ఒకరోజు ఓలీటా ముక్కు మూసుకుని దాన్ని సంచిలో కుక్కి, చర్చి వాళ్ళు పాత బట్టలు పోగుచేసే గదిలో పడేసి వచ్చింది. ఎక్కడో ఓ బీదవాడు వెచ్చగా ఉంటాడని మనసుకు సర్దిచెప్పుకుంది. మొగుడికి మాత్రం చెప్పలేదు.

ఎల్డన్ ఇల్లంతా తిరగేశాడు. చివరికి తన చెల్లెలి మొగుడు విర్ల్ మీద అనుమానం పెట్టుకున్నాడు. ఆ కోటు మీద విర్ల్‌కి ఎప్పట్నుంచో కన్నుందట. మూడు నెలలై ఇద్దరికీ మాటల్లేవు. రెండిళ్ళ మధ్యా ఆదివారం భోజనాలు కూడా ఆగిపోయాయి. ఓలీటా రోజూ చెప్పేద్దామనుకుంటుంది, ఎల్డన్ మొహం చూసి నీళ్ళు నములుతుంది. మరి ఆ విర్లే కాపలా జట్టుకి పెద్ద.

శిక్షణ రోజు పొద్దున ఎనిమిదింటికి గార్లండ్ కంకర గొయ్యి దగ్గర అయిదుగురు అభ్యర్థులు చేరారు. ప్రార్థన అయింది, డోనట్లు అయ్యాయి, చచ్చినా గార్లండ్ మీద కేసు పెట్టబోమని అందరూ కాగితాల మీద సంతకాలు పెట్టారు. గార్లండ్ ఒకప్పుడు జైలు కాపలాదారు, మెడ కూడా భుజాల్లో కలిసిపోయిన మనిషి. ఓలీటాను చూడగానే టోపీ తీశాడు. నాలుగో తరగతిలో చిక్కుడుగింజలు దాచింది అతనే.

మొదట పరుగు. ఓలీటా పరుగెత్తలేదు, నడిచింది. అయితే వరసలో పిల్లలు కొట్టుకుంటున్నప్పుడు నడిచే నడక నడిచింది, ఇద్దరు మగవాళ్ళ కంటే ముందే చేరింది. ఎల్డన్‌కి సగంలో మోకాలు పట్టేసింది. ఆగింది మోకాలి వల్ల కాదని, బూటు తాడు ఊడిందని చెప్పి అక్కడే కూర్చుని, ఉన్న ముడి విప్పి మళ్ళీ కట్టుకున్నాడు.

తర్వాత దెబ్బతిన్న మనిషిని లాగడం. పాత ఓవరాల్స్‌లో ఇసుక కూరిన బొమ్మ, ఎనభై కిలోలు. మిగతావాళ్ళు దాని చంకల కింద చేతులు పెట్టి, గసపోసుకుంటూ, నడుములు పట్టేసి నానా అవస్థా పడ్డారు. పిండి బస్తాలతో బతికిన ఓలీటా దాని భుజం పట్టీలు రెండూ ఒక చేత్తో పట్టుకుని, గీత దాకా ఈడ్చుకెళ్ళి, కాలర్ సరిచేసి మరీ పడుకోబెట్టింది. గార్లండ్ గడియారం చూసుకుని ఏదో రాసుకున్నాడు. ఎల్డన్ అటు చూడలేదు.

అసలు చిక్కు పిస్తోలు దగ్గర వచ్చింది. గురి విషయంలో కాదు. ఆ కొండల్లో ఏడేళ్ళ వయసు నుంచే అందరికీ గురి వచ్చు. చిక్కల్లా నోటితో. పేల్చే ముందు, గురికోసం నిలబెట్టిన అట్టమనిషి మీద "ఆగు, చేతులు పైకెత్తు" అని అరవాలి, అది నియమం. కానీ ఆ ప్రాంతంలో పెరిగిన ఆడదానికి కొత్తవాణ్ణి కసిరేందుకు నోరు రాదు. ఎదురైన ప్రతివాణ్ణీ సార్ అనాలి, అడ్డమొచ్చిన ఆవుని కూడా కాస్త తప్పుకోమని బతిమాలాలి. ఓలీటా పిస్తోలు తిన్నగా పట్టుకుంది, గొంతు సవరించుకుంది.

"కాస్త ఆగుతారా, దయచేసి."

గార్లండ్ నోట్లోంచి విజిల్ తీశాడు. "ఓలీటాగారూ, వాడు దొంగండీ."

"దొంగయితే మాత్రం?"

"వాడు అట్టండీ."

"అట్టకి మర్యాదిస్తే ఏం పోయింది, నాయనా?"

దయచేసి అన్న ప్రతిసారీ రెండు మార్కులు పోతాయని గార్లండ్ నెమ్మదిగా చెప్పాడు. ఓలీటా సరేనంది. రెండోసారి "ఆగు" అని చక్కగా మొదలెట్టి చివర్లో "సార్" అని కలిపింది. మూడోసారి దయచేసి మానేసి "మీకు వీలైతే" అంది. బరువు లాగుడులో సంపాదించినదంతా అలా కరిగిపోతుంటే, తెల్లారి ఆదివారం మళ్ళీ ఆ వంటింటి కిటికీ దగ్గరే నిలబడతానేమోనని ఆవిడకు దిగులు పట్టుకుంది. అడ్డంగా పేర్చిన గడ్డికట్టల వెనక విర్ల్ మార్కుల పట్టీ పట్టుకుని ఆవిడ వైపు జాలిగా చూశాడు. ఎల్డన్ మాత్రం ఒక్క దయచేసి కూడా లేకుండా ఊరంతా వినబడేలా అరిచి, పూర్తి మార్కులు కొట్టేశాడు.

మధ్యాహ్నం ఓలీటా తెచ్చిన చీజు బంగాళాదుంపల పళ్ళెం ఖాళీ అయ్యాక ఆఖరి పరీక్ష మొదలైంది. టార్పాలిన్ వెనక అయిదు అట్టమనుషులు. ఒక్కొక్కరికీ బట్టలు తొడిగారు. కొందరి చేతిలో తుపాకీ, కొందరి చేతిలో ఫోను, ఒకరి చేతిలో కేకు. ఆయుధం ఉన్నవాణ్ణే కాల్చాలి. తుపాకీ చేతిలో ఉండగా, ముందు అడ్డంగా పెట్టిన పీపాల వరస దాటి ఒక్క అడుగు ముందుకు పడితే ఇంటికే. ముందు ఎల్డన్, తర్వాత ఓలీటా. మిగతావాళ్ళు గడ్డికట్టల వెనకనుంచి చూస్తున్నారు.

ఎల్డన్ మొదటివాణ్ణి కాల్చాడు, రెండోవాణ్ణి వదిలాడు, మూడోవాణ్ణి కాల్చాడు. నాలుగోవాడి దగ్గర టార్పాలిన్ తొలిగింది. వాడు ఎర్రగళ్ళ కోటు వేసుకుని ఉన్నాడు.

ఓలీటా చూడగానే గుర్తుపట్టింది. ఆ కోటుని ఏ బీదవాడూ తీసుకోలేదు. మూడు నెలలు వాసన భరించి చర్చివాళ్ళు ఎవరూ పట్టుకెళ్ళని బట్టలతో పాటు గార్లండ్‌కి అంటగట్టారు.

ఎల్డన్ పిస్తోలు దించలేదు, పేల్చనూ లేదు. తప్పిపోయిన బిడ్డను తిరునాళ్ళలో చూసినవాడిలా పీపాల వరస దాటి నడిచిపోయాడు. గార్లండ్ విజిల్ ఊదాడు. ఎల్డన్ చెవిన వేసుకోలేదు. "అది నాదిరా, అది నాది" అంటూ వెనక్కి తిరిగి, నిండు పిస్తోలున్న చేత్తోనే అందరికీ చూపించాడు. గడ్డికట్టల వెనక తలలన్నీ ఒక్కసారి మాయమయ్యాయి. గార్లండ్ అంతటివాడు కంకరలో బోర్లా పడ్డాడు.

"ఎల్డన్. ఆగు. అది కింద పెట్టు. చేతులు పైకెత్తు."

గొంతు ఓలీటాది. అరుపు కాదది. మూడొందలమంది పిల్లలు తిండి ముద్దలు విసురుకుంటున్న గదిని ఇరవై ఏడేళ్ళు ఒక్క మాటతో నిశ్శబ్దం చేసిన గొంతు. పేలుడు చప్పుడికి అందరూ పెట్టుకున్న చెవుల మూతల్లోంచి దూసుకెళ్ళింది. ఎల్డన్ పిస్తోలు నేలమీద పెట్టి రెండు చేతులూ ఎత్తాడు. గడ్డికట్టల వెనక ముగ్గురు ఎత్తారు. బోర్లా పడుకున్న గార్లండ్ కూడా, ఎందుకో తనకే తెలియకుండా, రెండు చేతులూ పైకెత్తాడు.

పిస్తోలు ఖాళీ చేసి, అందరూ కంకర దులుపుకున్నాక ఎల్డన్ కోటు ఊడదీసి గుండెలకు హత్తుకున్నాడు. తన పరీక్ష పోయిందని గార్లండ్ చెబుతున్నా అతని బుర్రకెక్కలేదు. విర్ల్ మీదికి తిరిగాడు.

"దొంగ వెధవా. కొట్టేసి, కంపుకి తట్టుకోలేక ఇక్కడ పారేశావు. నువ్వా గుమ్మానికి పెద్దవాడివి?"

  అందరూ విర్ల్ వైపే చూస్తున్నారు, వానలో నల్లపెట్టెవాణ్ణి చూసినట్టే. ఓలీటా అది చూసింది. నోరు మూసుకుంటే చాలు. ఎల్డన్ పోయాడు, మిగతావాళ్ళు ఆవిడ కంటే వెనకబడ్డారు, చోటు దాదాపు చేతికొచ్చింది. నిజం చెబితే దొంగచాటుగా మొగుడి కోటు పారేసినదాన్ని ఏ చర్చి గుమ్మంలో పెడతారు? ఆవిడకు ఏడుపొచ్చినంత పనయింది.

"విర్ల్ కాదు" అంది. "నేను పడేశాను. జులైలో. ఈ మూడు నెలలూ వాణ్ణి నువ్వు తిడుతుంటే విని ఊరుకున్నాను. తప్పంతా నాదే."

ఎల్డన్ ఆవిడ్ని చూశాడు, కోటుని చూశాడు. "ఎందుకూ?" అన్నాడు చిన్నపిల్లాడిలా.

"కంపు, ఎల్డన్. నాలుగేళ్ళు."

ఎవరో గడ్డికట్టల వెనకనుంచి ఆమెన్ అన్నారు.

ఇంకా ఓలీటా వంతు మిగిలే ఉంది. వెళ్ళి నిలబడింది. అయిదుగురు అట్టమనుషులతోనూ దయచేసి అంది. పది మార్కులు పోయాయి. అందరి వంతులూ అయ్యాక మొత్తం కూడితే, అభ్యర్థుల్లో మాంసం కొట్టు కుర్రాడొకడు ఆవిడ కంటే మూడు మార్కులు ముందున్నాడు. ఓలీటా ఖాళీ పళ్ళెం తీసుకుని, కోటు తొడుక్కుని కూర్చున్న మొగుడి పక్కన పికప్ బండి ఎక్కబోయింది.

విర్ల్ వచ్చి తలుపు పట్టుకున్నాడు. మార్కుల పట్టీ నాలుగు మడతలు పెట్టి జేబులో దోపుకున్నాడు.

"పిస్తోలు పట్టుకున్నోణ్ణి గుండు పేలకుండా ఆపేవాళ్ళు కావాలి నాకు, అక్కా" అన్నాడు. "ఇవాళ ఆపింది నువ్వొక్కదానివే. చేసిన తప్పు చేశానన్నదీ నువ్వే. ఆదివారం ఎనిమిదిన్నరకి రా."

ఎల్డన్ ఎటో చూస్తూ, భోజనానికి నువ్వూ రా అని గొణిగాడు. మూడు నెలల్లో బావకి అతను చెప్పిన మొదటి మంచి మాట అది. విర్ల్ గాలి వాసన చూసి, ఆ కోటు అక్కడ లేకపోతే వస్తానన్నాడు.

మొదటి ఆదివారం ఓలీటా నీలం గౌను మీద పొడుగు కోటు వేసుకుని గుమ్మంలో నిలబడింది. చలిగాలి, సన్నటి వాన. వచ్చినవాళ్ళందరికీ పేరు పెట్టి పలకరింపు, పొద్దున్న తినని ఇద్దరికి జేబులోంచి బిస్కట్లు. పియానో మళ్ళీ చెడింది. నల్లపెట్టెతో గడ్డం మనిషి దూరంగా మెట్ల దగ్గరే ఆగి, జేబులు ముందే బయటికి తిప్పుకున్నాడు. ఓలీటా గొడుగు పట్టుకుని దిగి వెళ్ళి, అతన్ని వంటింట్లోకి తీసుకెళ్ళి కూర్చోబెట్టి వచ్చింది.

తర్వాత ఎల్డన్ వచ్చాడు. పగ తీర్చుకోడానికే వచ్చినట్టు ఎర్రగళ్ళ కోటు మెడదాకా బొత్తాలు పెట్టుకుని, ఛాతీ విరుచుకుని, అందరూ చూస్తుండగా మెట్లెక్కాడు.

"ఆగు" అంది ఓలీటా.

ఎల్డన్ ఆగాడు. వెనక దయచేసి వస్తుందేమోనని కాసేపు చూశాడు. రాలేదు. అతను మెల్లగా వెనక్కెళ్ళి, కోటు విప్పి, బండి అద్దానికి తగిలించి, పలచటి చొక్కాతో చలికి ముడుచుకుపోతూ మళ్ళీ మెట్లెక్కాడు.

ఓలీటా గుమ్మంలోంచి పక్కకు జరిగింది.

"రండి సార్, దయచేసి" అంది. "కాఫీ వేడిగా ఉంది."